‘పనిచేస్తుంది’ చీటీతో వచ్చిన ఆటో-లైట్: ఒక కార్బైడ్ టోపీ దీపం కేస్ స్టడీ

వస్తువు: గని కార్మికుల ఇత్తడి టోపీ దీపం. పేరు ముద్ర ఆటో-లైట్, తయారీ షికాగోలోని యూనివర్సల్ ల్యాంప్ కంపెనీ. ఎత్తు 98 మి.మీ., రిఫ్లెక్టర్ వ్యాసం 63 మి.మీ., అంటే రెండున్నర అంగుళాలు. వచ్చినప్పుడు బరువు 171 గ్రాములు. అమ్మినవారు కట్టిన చీటీ మీద రాసింది ఇంతే: ‘శుభ్రం చేయలేదు, పనిచేస్తుంది’. రెండూ నిజమే. ఇంకా చెప్పాలంటే, శుభ్రం చేయలేదు కాబట్టే అది పనిచేసింది.

సేకర్త అడిగింది ఒక్కటే. దీన్ని అప్పుడప్పుడు వెలిగించి చూపించవచ్చా, లేక బీరువాలోనే ఉంచాలా? ఈ ప్రశ్నకు దీపాన్ని వెలిగించి జవాబు వెతకకూడదు. విప్పి, తూచి, ఊది చూశాకే అగ్గి దాకా వెళ్లాలి.

దీపం కట్టుబడి

పైన నీటి డబ్బా, కింద మరలతో బిగిసే అడుగు గిన్నె. గిన్నెలో కాల్షియం కార్బైడ్ నూకలు పోస్తారు. పై మూత దగ్గరున్న మీట తిప్పితే సన్నటి గొట్టం గుండా నీళ్లు చుక్కలుగా కార్బైడ్ మీద పడి ఎసిటిలిన్ అనే మండే గ్యాస్ పుడుతుంది, గిన్నెలో సున్నం మిగులుతుంది. ఆ గ్యాస్ ఫెల్ట్ ముక్కలోంచి వడకట్టుకుని పక్క గొట్టంలోకి వెళ్లి, రిఫ్లెక్టర్ నడుమ ఉన్న టిప్ అనే సన్న చిల్లు ముక్క దగ్గర మండుతుంది. పై డబ్బాకీ గిన్నెకీ మధ్య రబ్బరు వాషర్. వెనక టోపీకి తగిలించే కొక్కెం, కింద ఊగకుండా ఆపే తీగ ఊత. రిఫ్లెక్టర్ అంచు దగ్గర చెకుముకి చక్రం.

ఇందులో ఒత్తిడిని అదుపు చేసేది నీరే. గిన్నెలో గ్యాస్ పెరిగితే అది చుక్కల గొట్టంలోని నీటిని వెనక్కి నెడుతుంది, చుక్క ఆగుతుంది. ఇంకా పెరిగితే నీటి డబ్బాలోకి బుడగలుగా ఎగదన్ని మూత చిల్లులోంచి పోతుంది. అంటే లోపలి ఒత్తిడి నీటి మట్టం ఎత్తును, నాలుగైదు సెంటీమీటర్లను, పెద్దగా దాటదు. ఇంత కొద్దిపాటి ఒత్తిడికి లీకులు చప్పుడు చేయవు, వాసన మాత్రమే వేస్తాయి. ఆ వెల్లుల్లి లాంటి వాసన ఎసిటిలిన్‌ది కాదు, కార్బైడ్‌లోని మలినాల వల్ల పుట్టే ఫాస్ఫీన్‌ది.

గుర్తింపు గురించి ఒక మాట. చాలా దీపాల మీద పేటెంటు తేదీలు ముద్రించి ఉంటాయి. నార్త్ కరోలినాలోని స్ప్రేలో థామస్ విల్సన్ 1892లో విద్యుత్ కొలిమిలో కార్బైడ్ తీశాక ఈ దీపాలకు దారి పడింది. ఫ్రెడరిక్ బాల్డ్‌విన్ ఎసిటిలిన్ దీపానికి 1900 ఆగస్టు 28న పేటెంటు వచ్చింది. ముద్రలో ఉన్న తేదీ ‘అంతకంటే ముందు కాదు’ అని చెబుతుంది, అంతే. పాత పేటెంటు తేదీని ఏళ్ల తరబడి కొత్త దీపాల మీదా కొట్టేవారు. దాన్ని తయారీ సంవత్సరంగా రాసుకున్న చీటీలే అమ్మకాల్లో ఎక్కువగా కనిపిస్తాయి.

ఆటో-లైట్, జస్ట్‌రైట్, గైస్ డ్రాపర్ లాంటివి లెక్కకు మించి తయారైన రకాలు. వీటిలో విలువను పేరు నిర్ణయించదు, స్థితి నిర్ణయిస్తుంది. ఒక్కసారి కూడా వెలిగించని దీపానికి గిరాకీ వేరు. టిప్ నోట్లో మసి ఉండదు, ఫెల్ట్ తెల్లగా ఉంటుంది, గిన్నె లోపల బూడిదరంగు మరక కనిపించదు. అలాంటిది చేతికి వస్తే వెలిగించవచ్చా అన్న ప్రశ్నే పుట్టదు. మన దీపం ఆ కోవది కాదు. కొక్కెం మెడ అరిగి మెరుస్తోంది, తీగ ఊత ఒక పక్కకి వంగింది. టోపీ మీద బాగా తిరిగిన దీపం.

గిన్నె విప్పడం

చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపితే గలగల లేదు, ఏదో పొడి జారుతున్న సడి మాత్రం ఉంది. గలగలమంటే కార్బైడ్ నూకలు మిగిలాయని అర్థం. వినిపించనంత మాత్రాన లేవని కాదు. సున్నం పెచ్చు లోపల నూక చిక్కుకుని ఉండవచ్చు. అందుకే ఇలాంటి గిన్నెను ఆరుబయటే విప్పాలి, దగ్గర్లో మంటా సిగరెట్టూ స్విచ్చూ ఉండకూడదు. గాలిలో 2.5 శాతం నుంచి సుమారు 80 శాతం దాకా ఏ పాళ్లలో కలిసినా ఎసిటిలిన్ అంటుకుంటుంది. ఇంత వెడల్పు హద్దు వంటగ్యాస్‌కి లేదు.

గిన్నె కదల్లేదు. కారణం తుప్పు కాదు, ఇత్తడికి తుప్పు పట్టదు. అమ్మే ముందు ఎవరో ఒకసారి వెలిగించి చూశారు, వాడేసిన సున్నం తీయకుండానే బిగించేశారు. ఆ తడి సున్నం మరల చుట్లలోకి చేరి, గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సుద్దరాయిగా గట్టిపడింది. గోడ సున్నం ఎలా గట్టిపడుతుందో ఇదీ అంతే.

ఇక్కడ మూడు తప్పులు జరుగుతుంటాయి. పట్టకారుతో గిన్నెను పట్టడం మొదటిది. గిన్నె గోడ పలచన, పట్టు పడగానే కోడిగుడ్డు ఆకారానికి నొక్కుకుపోతుంది, మరలు ఇంకా బిగుస్తాయి. సంతలో దొరికే గిన్నెల మీద కనిపించే పళ్ల గాట్లన్నీ ఇలా పడ్డవే. రెండోది రిఫ్లెక్టర్‌ను పిడిలా పట్టుకుని తిప్పడం. దాని వెనక గ్యాస్ గొట్టం మెత్తటి మాటుతో (సోల్డర్‌తో) ఒంటికి అతికి ఉంటుంది, ఊడి చేతికొస్తుంది. మూడోది వేడి చేయడం. లోపల ఏముందో తెలియని గిన్నెకు మంట చూపించడం ప్రాణాంతకం, పైగా మాటు 183 డిగ్రీల దగ్గరే కరగడం మొదలవుతుంది.

చేసిన పద్ధతి ఇది. నీటి డబ్బా ఖాళీగా ఉందని చూసుకుని, ముందుగా టిప్ పీకేశాం, లోపల గ్యాస్ పుడితే పోవడానికి దారి ఉండాలి కదా. అది నొక్కుడు బిగింపు మాత్రమే, వేళ్లతో కొద్దికొద్దిగా తిప్పుతూ లాగితే వస్తుంది. తర్వాత 5 శాతం వెనిగర్‌ను సన్నటి కుంచెతో అతుకు చుట్టూ రాసి పది నిమిషాలు ఆగడం, మళ్లీ రాయడం. మూడో పూతకు అతుకు వెంట చిన్న బుడగలు కనిపించాయి. సుద్ద కరుగుతోందన్నమాట. ఆరో పూత తర్వాత పైభాగానికో పాత సైకిల్ ట్యూబు పట్టీ, గిన్నెకో పట్టీ చుట్టి, అరచేతులతోనే ముందు వెంట్రుకవాసి బిగించి, తర్వాత వదులు చేస్తే కదిలింది. మొదట బిగించడం తప్పనిసరి, గట్టిపడ్డ సుద్ద పగిలేది ఆ కదలికకే. నూనె వేయడం వల్ల లాభం లేదు. సుద్దను నూనె కరిగించదు, ఫెల్ట్‌ను మాత్రం పాడుచేస్తుంది.

గిన్నెలో వదులు పొడి 19 గ్రాములు. నీళ్లున్న బకెట్లో వేసి ఒక రోజు ఆరుబయట తెరిచి ఉంచాలి, మిగిలిన నూకలేవైనా ఉంటే అక్కడే చల్లారతాయి. ఈ సున్నపు నీరు చర్మాన్ని కాలుస్తుంది, కాలువలోనో సింకులోనో పోయకూడదు.

గోడ పెచ్చు

పొడి పోయాక గిన్నె లోపలి గోడకు రెండు మూడు మి.మీ. మందాన తెల్లటి పెచ్చు కనిపించింది, అడుగు కంటే అంచు దగ్గర మందం. స్క్రూడ్రైవర్‌తో గీకాలనిపిస్తుంది. గీకితే ఇత్తడి మీద పడే గీతలు పోవు.

పెచ్చుకు మందు పులుపు. అయితే ఏ పులుపన్నది ముఖ్యం. నిమ్మ ఉప్పు చవక, చాలామంది దాన్నే వాడతారు. కానీ దాంతో పుట్టే కాల్షియం సిట్రేట్ నీటిలో సరిగా కరగదు, గోడ మీద మరో తెల్లపొర కడుతుంది. వెనిగర్‌తో పుట్టే కాల్షియం ఎసిటేట్ సులువుగా కరిగి కొట్టుకుపోతుంది. 5 శాతం వెనిగర్, చేతికి వెచ్చగా తగిలేంత వేడి, పావుగంట నానబెట్టి, పారబోసి, నైలాన్ బ్రష్‌తో రుద్ది, మళ్లీ కొత్త వెనిగర్. ఈ గిన్నెకు తొమ్మిది విడతలు పట్టాయి. రాత్రంతా నానబెడితే పని తగ్గుతుందనిపిస్తుంది గానీ, పులుపులో ఎక్కువసేపు ఉన్న ఇత్తడి మీద జింకు కరిగిపోయి రాగి మిగులుతుంది. పసుపుపచ్చని గిన్నె మీద గులాబీ మచ్చలు కనిపిస్తే ఎవరో అలా నానబెట్టేశారని అర్థం. ఆ మచ్చ పైపై రంగు కాదు, అక్కడి లోహం గుల్లబారింది.

చివరి విడత తర్వాత వంటసోడా కలిపిన నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, ఫ్యాన్ గాలికి ఆరబెట్టాక దీపం మొత్తం బరువు 139 గ్రాములు. వచ్చినప్పటి కంటే 32 గ్రాములు తక్కువ. 19 పొడిది, 13 పెచ్చుది.

బయటి ముఖాన్ని ముట్టుకోలేదు. గోధుమరంగు తేరిన ఇత్తడి, ముద్ర అక్షరాల గాళ్లలో కొద్దిగా చిలుము. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ, అంతే. బఫింగ్ చక్రానికి పెట్టిన దీపం దూరం నుంచి ధగధగలాడుతుంది, దగ్గరికి వచ్చేసరికి అక్షరాల అంచులు సబ్బుబిళ్ల మీద ముద్రలా అరిగి ఉంటాయి. నికెల్ పూత దీపాలకైతే ఇంకా నష్టం. పూత పలచన, రెండు మూడు పాలిష్‌లకే కింది పసుపు బయటపడుతుంది.

బీటలు

శుభ్రమైన గిన్నెను వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఏమీ కనిపించలేదు. పది రెట్లు పెద్దది చేసే భూతద్దంతో అంచు చుట్టూ చూస్తే నాలుగు చోట్ల వెంట్రుక లాంటి గీతలు. అన్నీ అంచు నుంచి అడుగు వైపు నిలువుగా దిగుతున్నాయి. గీతో బీటో తేల్చడానికి పాత పద్ధతే చాలు. గిన్నె బయట సుద్దపొడి నీళ్లలో కలిపి పలచగా పూసి ఆరనిచ్చి, లోపలి గోడకు దూదితో కిరసనాయిలు రాయాలి. ఇరవై నిమిషాల తర్వాత తెల్లటి సుద్ద మీద రెండు చోట్ల సన్నటి తడిగీతలు తేలాయి, ఒకటి 11 మి.మీ., రెండోది 7 మి.మీ. మిగతా రెండూ ఇంకా ఆరపార పడలేదు.

ఇవి దెబ్బ తగిలి పడ్డవి కావు. దెబ్బ బీటకు పక్కన సొట్ట ఉంటుంది, ఇక్కడ గోడ నున్నగా ఉంది. గిన్నెను ఒకే ఇత్తడి రేకు నుంచి అచ్చులో లాగి లోతు చేస్తారు. అలా లాగిన గోడలో, ముఖ్యంగా అంచు దగ్గర, ఒక లాగుడు బిగువు మిగిలిపోతుంది. అలాంటి ఇత్తడికి తేమా అమ్మోనియా కలిసి తగిలితే ఏళ్ల తర్వాతైనా నిలువునా చిట్లుతుంది. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సైన్యం భారత్‌లో వర్షాకాలం గుర్రపుశాలల్లో నిల్వ ఉంచిన ఇత్తడి తూటా గొట్టాలు ఇలాగే చిట్లిపోయాయి, అక్కడ అమ్మోనియా గుర్రపు మూత్రం నుంచి వచ్చింది. దీపంలో దానికోసం బయటెక్కడా వెతకనక్కర్లేదు. కార్బైడ్‌లోని నత్రజని మలినాల వల్ల గ్యాస్‌తో పాటు కాస్త అమ్మోనియా కూడా పుడుతుంది. పైగా అమ్మోనియా కలిసిన ఇత్తడి పాలిష్‌లు ఉండనే ఉన్నాయి. పాలిష్ రాసి తుడిచి బీరువాలో మూసేయడం అంటే ఆ గిన్నెకు రోజూ కొంచెం విషం పెట్టడమే. ఇది ఏ ఒక్క కంపెనీ లోపమూ కాదు, లాగి చేసిన ఇత్తడి గిన్నెలన్నిటికీ ఉన్న స్వభావం.

ఇప్పుడు ‘పనిచేస్తుంది’ చీటీ సంగతి అర్థమవుతుంది. ఆ రెండు బీటలూ సుద్దపెచ్చు వెనక పూడిపోయి ఉన్నాయి. పెచ్చే వాటికి లప్పం. అమ్మినవారు వెలిగించినప్పుడు దీపం నిజంగానే మండింది. కొన్నవారు కడిగేసి వెలిగిస్తే గిన్నె పక్క నుంచి మంట లేచేది, తప్పు కడిగిన వారి మీద పడేది. ‘శుభ్రం చేశాక చెడిపోయింది’ అనే ఫిర్యాదుల్లో కొన్నిటికి మూలం ఇదే కావచ్చు.

ఊది చూడటం

కంటితో తేల్చిన దాన్ని గాలితో ఒప్పించాలి. సన్నటి పారదర్శక గొట్టాన్ని యూ ఆకారంలో పలకకు కట్టి, సగం దాకా రంగునీళ్లు పోయాలి. ఒక కొన నుంచి ఇంకో గొట్టం టిప్ కూర్చునే చోటికి. నడుమ ఒక మూడుదారుల ముక్క పెట్టి మూడోదారి గుండా నోటితో మెల్లగా ఊది, రెండు మట్టాల తేడా 15 సెం.మీ. రాగానే గొట్టం నొక్కి పట్టాలి. దీపం మామూలు ఒత్తిడికి ఇది మూడు రెట్లు, అంతకు మించి ఊదాల్సిన పని లేదు. మీట మూసి, నీటి డబ్బా నిండా నీళ్లు పోసి ఉంచాలి. కవాటం కారుతుంటే అందులో బుడగలు లేస్తాయి.

పైభాగాన్నీ గిన్నెనూ కలిపి ఒకేసారి చూడటం పొరపాటు. ముందు మంచిదని తెలిసిన అదే రకం గిన్నె, కొత్త వాషర్‌తో పైభాగాన్ని పరీక్షించాం. రెండు నిమిషాల్లో మట్టం 15 నుంచి 14కి దిగింది, బాగానే ఉన్నట్టు. తర్వాత అదే వాషర్‌తో అసలు గిన్నె బిగిస్తే ఇరవై సెకన్లలో మట్టాలు సమానమైపోయాయి. నీళ్లలో ముంచి ఊదితే బుడగల వరుసలు రెండు, సుద్ద మీద గీతలు తేలిన చోట్లే.

మాటు వేయవచ్చు కదా అంటారు. మెత్తటి మాటు బీట మీదుగా పారి లీకు ఆపుతుంది, నిజమే. కానీ వేడి తగలగానే గోడలో దాగిన బిగువు బీటను ఇంకా కిందికి చీల్చవచ్చు. ఇంకా ఆరపార పడని రెండు గీతలూ ఎప్పుడు తెరుచుకుంటాయో తెలియదు. మాటు మరక సేకరణ విలువనూ తగ్గిస్తుంది. లోపల ఎపాక్సీ పూత పూయడం మరీ అధ్వానం. కార్బైడ్, నీరు కలిసినప్పుడు గిన్నె చేతికి చురుక్కుమనేంత వేడెక్కుతుంది, క్షారం కూడా ఘాటుగా ఉంటుంది, పూత మెత్తబడి ఊడుతుంది. గ్యాస్ గొట్టమో చుక్కల గొట్టమో మార్చాల్సి వస్తే ఒకటి గుర్తుంచుకోవాలి. రాగి గొట్టం ఎన్నడూ పెట్టకూడదు. రాగి, ఎసిటిలిన్ కలిసి పుట్టే రాగి ఎసిటిలైడ్ ఎండితే రాపిడికే పేలుతుంది. వెండి పాలు ఎక్కువున్న మాటు లోహానికీ ఇదే నిషేధం.

ఈ గిన్నెకు మరమ్మతు వద్దని తేల్చాం. అది దీపంతోనే ఉంటుంది, అగ్గికి మాత్రం వెళ్లదు.

వాషర్, ఫెల్ట్, టిప్

లోపల దొరికిన వాషర్ ట్యూబు రబ్బరు నుంచి కత్తెరతో కత్తిరించినది. గనులు బ్యాటరీ దీపాలకు మారాక కూడా గుహల్లో తిరిగేవాళ్లు ఈ దీపాలను దశాబ్దాల పాటు వాడారు, ఇది బహుశా ఆ కాలపు ముక్క. గట్టిపడి పగుళ్లు వచ్చింది. కొత్తది 3 మి.మీ. మందం నియోప్రీన్ షీటు నుంచి, పైభాగంలోని గాడి కొలిచి కోశాం. లోపలి అంచు చుక్కల గొట్టానికి గానీ ఫెల్ట్ పట్టీకి గానీ తగలకూడదు. తగిలితే బిగించేటప్పుడు ముడత పడి ఒక పక్క లీకవుతుంది. పాత ముక్కను పారేయలేదు, కవరులో పెట్టి దీపంతో ఉంచాం.

ఫెల్ట్ పూర్తిగా పోయి, దాన్ని పట్టే చిల్లుల పలక, స్ప్రింగు పట్టీ మాత్రం మిగిలాయి. ఉన్నితో చేసిన 3 మి.మీ. ఫెల్ట్ వేశాం. సింథటిక్ ఫెల్ట్ ఆ వేడికి కరిగి గ్యాస్ దారి మూస్తుంది. ఫెల్ట్ లేకుండా వెలిగిస్తే సున్నపు ధూళి నేరుగా టిప్‌కి వెళ్లి, పావుగంటలో మంట పక్కకు ఒరుగుతుంది.

టిప్ ఇత్తడి తొడుగులో కూర్చున్న పింగాణీ లాంటి ముక్క. పాతవాటిలో అది బలపపు రాయి, కాల్చి గట్టిపరిచినది. దాని చిల్లు దీపానికంతటికీ కీలకం. మసి వెనిగర్‌లో కరగదు, సున్నమే కరుగుతుంది. మసికి చిల్లు కంటే సన్నటి ఒంటితీగ కావాలి. తిన్నగా దూర్చి తిన్నగా తీయాలి, తిప్పకూడదు. తిప్పితే చిల్లు నోరు విచ్చుకుని మంట ఈటెలా కాక చీపురులా వస్తుంది. ఈ టిప్‌కు అదే జరిగి ఉంది. గంటకు 14 లీటర్ల గ్యాస్ వదిలే రకం మరొకటి వేశాం.

చెకుముకి రాయి గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పాత రాయి గాలి తేమకు పొంగి బూడిదరంగు పొడిగా మారి గొట్టంలో బిగుసుకుపోయింది. చేత్తో తిప్పే సన్న డ్రిల్లు బిట్టుతో తవ్వి తీయాల్సి వచ్చింది. స్ప్రింగు కొత్తది. రిఫ్లెక్టర్ సొట్ట అలాగే ఉంది, వెలుగుకు అడ్డం కాదు.

నీటి వైపు

మంట క్రమంగా కుంచించుకుపోతోందంటే చాలామంది కార్బైడ్‌నో టిప్‌నో అనుమానిస్తారు. మూత మీది గాలి చిల్లును చూడరు. అది మూసుకుంటే నీటి డబ్బాలో శూన్యం ఏర్పడి చుక్క ఆగిపోతుంది. ఈ దీపంలో ఆ చిల్లు సగం పూడింది, సూదితో తెరుచుకుంది. చుక్కల గొట్టంలో తీగ ఆడే దీపాలైతే మీటను రెండు మూడుసార్లు కొస నుంచి కొసకు ఆడించాలి, తీగే గొట్టాన్ని తుడుస్తుంది.

గిన్నె లేకుండా, గ్లాసు మీద దీపం పట్టుకుని చుక్కలు లెక్కపెడితే మీట ఆగే మొదటి గాటు దగ్గర నిమిషానికి 3, రెండో గాటుకు 9, మూడో గాటుకు 26. ఈ లెక్క ఎందుకంటే: శుద్ధమైన కార్బైడ్ 64 గ్రాములకు 36 గ్రాముల నీరు సరిపోతుంది, అంటే 40 గ్రాములకు 22.5. నిజంలో కొంత ఆవిరవుతుంది, కొంత సున్నం పీల్చుకుంటుంది, కాబట్టి దాదాపు రెట్టింపు పడుతుంది. చుక్క సుమారు 0.05 మి.లీ. అనుకుంటే రెండో గాటు గంటకు 27 మి.లీ. ఇస్తుంది. కాబట్టి పని జరగాల్సింది రెండో గాటు మీదే, మూడోది వెలిగించేటప్పుడు కొద్ది క్షణాలకే.

వెలిగించి చూడటం

వేరే ఆటో-లైట్ నుంచి తీసిన, బీటల్లేని గిన్నెతో వెలిగించాం. వేరే గిన్నె ఏదైనా ముందు వాషర్ లేకుండా తొడిగి చూడాలి. చేత్తోనే మూడు చుట్లు ఊగకుండా తిరగాలి. ఒకటిన్నర చుట్టుకే బిగిస్తే అది వేరే కంపెనీ మర. అలా బలవంతంగా కలిపిన జంటలు అమ్మకాల్లో బోలెడు. పైభాగం ఒకరిది, గిన్నె మరొకరిది. ఇత్తడి రంగు, నికెల్ పూత, అరుగుదల పొంతన లేకపోతే ముందు మరలు చూడండి.

కార్బైడ్ 14 ఎన్‌డీ అనే సైజు నూకలు, 40 గ్రాములు. గిన్నెలో సగం దాటకుండా పోశాం. 40 గ్రాముల కార్బైడ్ 46 గ్రాముల సున్నం అవుతుంది, గుల్లగా పొంగుతుంది. నిండా పోస్తే ఆ పొంగు ఫెల్ట్‌ను నొక్కేసి గ్యాస్ దారి మూసేస్తుంది.

మీట మూడో గాటుకు తిప్పి, టిప్ దగ్గర బుస్సుమనే చిన్న సవ్వడి వచ్చాక రెండుకు తగ్గించి, అరచేయి బోర్లించి రిఫ్లెక్టర్‌ను రెండు క్షణాలు మూసి, చక్రం మీదుగా చేతిని చటుక్కున జరిపాం. ‘టప్’మని అంటుకుంది. ఎక్కువసేపు మూస్తే టప్ కాస్తా ఢాం అవుతుంది. మంట 25 మి.మీ., తెల్లగా, తిన్నగా.

1 గంట 35 నిమిషాలు మండింది. నీరు 41 మి.లీ. ఖర్చయింది. కిలో వాణిజ్య కార్బైడ్ సుమారు 290 నుంచి 300 లీటర్ల గ్యాస్ ఇస్తుంది కాబట్టి 40 గ్రాములకు పన్నెండు లీటర్లకు కాస్త తక్కువ, అంటే గంటకు ఏడు లీటర్ల పైచిలుకు. టిప్ మీది 14 లీటర్ల అంకె దాని పూర్తి ఒత్తిడికి. అంగుళం మంటకు సగం చాలు. నడుమ ఒకసారి మూత తెరిచి నీళ్లు పోయాల్సి వస్తుందేమో చూశాం, అవసరం పడలేదు.

మంట ఆర్పాలంటే మీట మూసి ఊదేయడమే. నీళ్లు ఆగాక కూడా కొన్ని నిమిషాలు గ్యాస్ పుడుతూనే ఉంటుంది, గదిలో వదిలేయకూడదు. మండుతుండగా వాషర్ దగ్గర నీలిమంట కనిపిస్తే గిన్నె విప్పకూడదు, బిగించబోకూడదు. ముందు మంటలు రెండూ ఊది ఆర్పి, మీట మూసి బయట పెట్టాలి. కార్బైడ్ డబ్బా అంటుకుంటే నీళ్లు పోయడం అన్నిటికంటే చెడ్డ పని. దానికి పొడి ఇసుక.

చల్లారాక గిన్నె విప్పితే లేత బూడిదరంగు పొడి సున్నం, ఉండలు లేవు. ముద్దగా ఉంటే నీళ్లు ఎక్కువైనట్టు. పొడి నడుమ నల్లటి గింజలుంటే నీళ్లు చాలనట్టు, వాటి నుంచి గ్యాస్ ఇంకా పుడుతుంది. వెంటనే ఖాళీ చేసి కడిగి, గిన్నెను రెండు చుట్లు మాత్రమే తొడిగి ఉంచాం. బిగించి దాస్తే వాషర్ అతుక్కుపోతుంది, లోపలి తేమ బయటికి పోదు.

దీపంతో వెళ్లిన కాగితం

అసలు గిన్నె, బరువు 41 గ్రాములు, అంచులో నాలుగు నిలువు గీతలు, అందులో రెండు ఆరపార, 11 మి.మీ., 7 మి.మీ. ఎక్కడున్నాయో ముద్రలోని మొదటి అక్షరం నుంచి సవ్యదిశలో కొలతలు. అమ్మోనియా పాలిష్ వద్దు. వెలిగించడానికి వాడిన గిన్నె అసలుది కాదు, అడుగున చిన్న దారం కట్టి ఉంది. మార్చినవి: వాషర్, ఫెల్ట్, టిప్, చెకుముకి రాయి, స్ప్రింగు. తీసిన పాతవి కవరులో. ఏడాదికోసారి భూతద్దంతో అంచు చూడాలి, 7 మి.మీ. గీత పెరిగితే ఆ కొలత కింద తేదీ వేసి రాయాలి.